చెల్లెలు బడికి, నేను మగ్గానికి

మా చిన్నప్పుడు... పొద్దున్నే మా వీధిలో మొదటి మగ్గం టక్కుమనగానే మా చెల్లెలు జమ్ములమ్మ రెండు చెవులూ మూసుకుని ఇంట్లోంచి పరుగు తీసేది. దాని వెనకాలే నేను. గద్వాలలో మాది నేతగాళ్ళ వీధి... ఒక ఇంట్లో మొదలైతే కాసేపట్లో వీధంతా అదే మోత. ఆ పిల్ల ఎటు పోతుందో, ఏ బావిలో పడుతుందోనని నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

నిజాం కాలం మాట ఇది. అలాంటి పిల్లలకు అప్పుడు ఒక పేరంటూ లేదు. అది మన కళ్ళలోకి చూసేది కాదు. మనం అన్న మాటే తిరిగి మనకు అప్పజెప్పేది. ఒట్టి జొన్నరొట్టె తప్ప ఏదీ ముట్టేది కాదు. ఆ రొట్టె మీద పప్పు చుక్క పడిందా... ఆ పూటంతా గోడకు తల బాదుకోవడమే.

ఎదురింటి సాయమ్మ ఊరుకునేది కాదు. "పొల్లకు గాలి సోకిందే. నెత్తి మీద ఒక వాత పెట్టియ్యరాదూ?"

"వాత నీ నోటికి పెట్టాలె వదినా, గప్పుడన్న జర ఊకుంటవ్" అనేది మా అమ్మ, రొట్టె తిప్పుతూనే.

దాని రొట్టె ముందు, మావి తర్వాత. కొత్తబట్ట ఒంటికి గుచ్చుకుంటుందని తన పాత చీర ముక్కలతో దానికి రవికలు కుట్టేది అమ్మ. నాకు కొత్తబట్టే కుట్టేది, నిజమే... కానీ నాకు ఆ పాత చీర ముక్కే కావాలనిపించేది. అందులో అమ్మ వాసన ఉండేది.

నాకంటూ ఉన్నది ఒక్కటే... బడి. మా వీధికి దూరంగా, పంతులుగారి అరుగు మీద. ఆడపిల్లలం ఇద్దరు ముగ్గురమే. గుణింతాలు తప్పు లేకుండా రాసేదాన్ని. పంతులుగారు నా పలక ఎత్తి అందరికీ చూపించిన రోజు సంతోషంతో అన్నం కూడా సయించలేదు.

ఒకరోజు జమ్ములు నా లంగా పట్టుకుని బడిదాకా వచ్చేసింది. అక్కడ మగ్గం మోత లేదు. అరుగు చివర కూర్చుని చెవుల మీది చేతులు తీసేసింది. ఇక రోజూ నాతోనే...

మేమంతా గట్టిగా ఎక్కాలు చదివే వేళకు అది మళ్ళీ చెవులు మూసుకునేది. పంతులుగారు కోప్పడలేదు. "లోపలికి పో బిడ్డా, జరసేపు అమ్మ కాడ కూసో" అని తన భార్య దగ్గరకు పంపేవారు. ఎక్కాలయ్యాక పిలిచేవారు. మా అందరి వేళ్ళ మీదా బెత్తం పడింది గానీ దాని మీద ఒక్కనాడూ పడలేదు.

మేమంతా ఇసుకలో దిద్దిదిద్ది వేళ్ళు మండాకే పలక పట్టినవాళ్ళం. అది ఇసుక ముట్టనంది... దానికి మొదటిరోజే పలక ఇచ్చారు! నా కడుపు భగభగ మండింది.

ఇంతలో అమ్మకు నెలలు నిండాయి. గద్వాల చీర ఒక్కరితో అయ్యే పని కాదు. నడుమ నూలు, అటూ ఇటూ పట్టు అంచు... నేసేవారి పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె, అదే పట్టుపోగు కండె ఉండేది, అందించాలి. నాయన పక్కన ఆ పని అమ్మదే. ఇప్పుడు అమ్మ మగ్గం గుంతలోకి దిగలేదు.

"పెద్దది కూసుంటది తియ్" అన్నాడు నాయన.

"మరి నా బడి?"

"చిన్నది ఇంట్ల ఉంటే మగ్గం నడుస్తదా? నువ్వే జెప్పు. అది బడిల ఉంటెనే అందరికి నిమ్మళం."

"అది పోనీ... నేను సుత పోత నాయినా!"

నాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ చెవులు మంచిగున్నయి గద బిడ్డా."

అంతే. మర్నాడు పొద్దున్నే పలక పక్కన పెట్టి గుంతలోకి దిగాను.

కొన్నాళ్ళే అన్నారు. తమ్ముడు పుట్టాడు... అమ్మ చేతికి పిల్లాడు వచ్చాడు, నా చేతిలో నాడె ఉండిపోయింది.

మగ్గాలు మొదలుకాకముందే అమ్మ జమ్ములును బడిలో దింపి వచ్చేది. నేను గుంతలో కూర్చుని ఒకటే బెంగ... ఎవరైనా కొట్టారేమో, ఎటైనా పోయిందేమో. చెయ్యి ఆగిపోయేది. "ఏడుందే నీ పానం?" అని నాయన గదిమేవాడు. ఏం చెప్పను? బడిలోనే ఉండేది... సగం దాని కోసం, సగం నా కోసం.

సాయంత్రం వస్తే ఎదురెళ్ళేదాన్ని. "పలక చూపియ్యవే జమ్ములూ."

"పలక చూపియ్యవే జమ్ములూ" అని నా మాటే నాకు అప్పజెప్పి, పలకను గుండెకు హత్తుకునేది.

ఒకనాడు దానంతటదే అరుగు మీద పెట్టింది. చూద్దును కదా... అన్నీ ఒత్తులు. నేను ఆగిపోయిన చోటు దాటి ఎంతో దూరం పోయింది. నాకు ఒక్క ముక్క చదవరాలేదు. "ఏం రాసినవే?" అని అడగాల్సి వచ్చింది. అది గడగడా చదివేసింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

జమ్ములు పోయి చాలా ఏళ్ళయింది. బతికినన్నాళ్ళూ కనబడిన ప్రతి కాగితమూ చదివింది. నేను ఇప్పటికీ ఒత్తుల దగ్గర తడబడతాను. ఇదైనా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది... సరిగ్గా రాస్తోందో లేదోనని అదో బెంగ.

మా మునిమనవరాళ్ళలో చిన్నది అచ్చం జమ్ములులాగే. దానికి బడిలో వేరే టీచరు ఉందట. మోత వినబడకుండా చెవులకు డిప్పలు పెట్టుకుంటుంది. చూస్తే కడుపు నిండుతుంది... ఎవరూ దిష్టి పెట్టకండి.

అదే ఆటోలో దాని అక్క కూడా ఎక్కుతుంది, దాని సంచీ అది వేసుకుని. వాళ్ళమ్మ ఇద్దరికీ టాటా చెబుతుంది. ఈ వయసులో నాకెందుకో... కళ్ళు కుట్టేది ఆ పెద్దదాన్ని చూసే.

మీ ఇళ్ళల్లో కూడా చెల్లి కోసమో తమ్ముడి కోసమో బడి మానిన అక్క ఎవరైనా ఉందా? ఎందాకా చదివావని ఒక్కసారి అడగండి... ఆమె ఏమందో ఇక్కడ రాయండి, చదివించుకుని వింటాను.