వీరభద్రం బావ చుట్టరికం

మార్కండేయులుకు వరుస కలపనిదే నోరు పెగలదు. మనిషైనా సరే, మెషినైనా సరే, ముందు అన్నో అత్తో అల్లుడో తేలాలి, ఆ తర్వాతే మాట. బస్సు కండక్టరు దిగే స్టాపు వచ్చేసరికి ఆయనకు షడ్డకుడైపోతాడు. చాయ్ అమ్మే యాకూబ్ ఎప్పుడో తమ్ముడయ్యాడు. క్రెడిట్ కార్డు కావాలా అని ఫోన్ చేసిన అమ్మాయి ఒకసారి, కార్డు సంగతి మరిచిపోయి, "ఉంట బాబాయ్, పిన్నిని అడిగిన్నని చెప్పు" అని పెట్టేసింది.

ఆయన కొత్తవాడ నేత సంఘంలో మెకానిక్. సంఘం ఆఫీసు హన్మకొండలో ఓ కొత్త బిల్డింగులోకి మారాక, మగ్గాలతో పాటు వైర్లున్న ప్రతి వస్తువూ ఆయన చేతికే వచ్చింది.

జంపఖానాల డిజైన్లు గీయడానికి అనూష తొర్రూరు నుంచి వచ్చిన మొదటిరోజు, గుమ్మంలో బ్యాగుతో నిలబడి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళిపోదామా అని ఆలోచిస్తోంది. ఊరు కొత్త, హాస్టలు కొత్త, తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

"ఏ ఊరు బిడ్డా?" అన్నాడు మార్కండేయులు.

"తొర్రూరు సార్."

"సారేంది? తొర్రూర్ల మా వీరభద్రం బావకు బట్టల దుకాణం ఉండె! ఆ లెక్కన నువ్వు నాకు మనవరాలివైతవు. బ్యాగు గాడ పెట్టు."

అనూష బ్యాగు పెట్టింది. తొర్రూరులో అలాంటి దుకాణం ఎక్కడుందో ఆమెకు గుర్తురాలేదు. మరుసటి వారం ఎనుమాముల నుంచి మిర్చి వ్యాపారి ఒకాయన వస్తే, వీరభద్రం బావ ఎనుమాముల యార్డులో కాంటా వేశాడని తేలింది. ఆ పైవారం జనగామాయన వస్తే, వీరభద్రం బావ అక్కడ ఇల్లు కట్టాడు. ఈ బావ ఎన్ని ఊళ్ళలో ఉన్నాడో అనూషకు అంతుపట్టలేదు.

వస్తువులకూ ఇదే పద్ధతి. గోడకున్న పెద్ద టీవీకి పెద్దత్త అని పేరు పెట్టాడు. ట్యాబు చిన్నల్లుడు. ఊరికే అలిగి కాగితం మింగే ప్రింటరు మేనమామ. సెట్టింగుల్లోకి వెళ్ళి మరీ ఆ పేర్లు తెలుగులో కొట్టాడు.

ఇంతలో చెన్నై నుంచి ఓ పెద్ద కంపెనీవాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. ఆర్డరు దొరికితే ముప్పై మగ్గాలకు ఏడాది పని. వాళ్ళు ట్యాబు మీద రంగులు మారుస్తుంటే జంపఖానా టీవీలో కనిపించాలి, నచ్చింది అక్కడికక్కడే ప్రింటు కావాలి. అదీ అనూష ఏర్పాటు. మూడు నెలలు పని చూసి ఖాయం చేస్తామని ఇచ్చిన ఉద్యోగం ఆమెది, ఇదే మూడో నెల.

ముందురోజు చూసుకుంటే మూడూ బిల్డింగు వాళ్ళిచ్చిన గెస్ట్ వైఫైలో చేరాయి. చేరాయే గాని ఒకదానికొకటి కనబడవు. అనూష మూడింటినీ ఆపి, మళ్ళీ వేసి చూసింది.

మార్కండేయులు టీవీ ముందు నిలబడి నాలుక కరుచుకున్నాడు. "తప్పు నాదే బిడ్డా. పాతకాలపు అత్త అల్లుని ముంగటికొస్తదా? వరుస తప్పు పెట్టిన."

పెద్దత్తను వదినగా మార్చాడు. చిన్నల్లుణ్ణి మరిదిని చేశాడు. అయినా పలకలేదు.

"తాతా, గిది సిగ్గు గాదు" అని అనూష కింది అంతస్తు నుంచి నెట్‌వర్కు చూసే ఉదయ్‌ను పిలుచుకొచ్చింది.

"ఏ ఊరు కొడుకా?"

"కేసముద్రం అంకుల్."

"కేసముద్రమా! మా వీరభద్రం బావ గాడనే గద బిడ్డెనిచ్చింది! అంకులేంది, నువ్వు నాకు అల్లుడివి."

కొత్తల్లుడు విషయం చెప్పాడు. "ఇది గెస్టుల కోసం మామా. ఎవలైనా ఇంటర్నెట్ వాడుకోవచ్చు, గని ఒకలకొకలు కనబడరు. అది తీసేస్తే అన్ని ఆఫీసుల సామాను అందరికి కనబడతది. సేఫ్టీ కోసం పెట్టినం, నేను తియ్యరాదు."

మార్కండేయులు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఒక్క ఇంటికొచ్చిన చుట్టాలు మాట్లాడుకోవద్దా? ఇది పెండ్లిల్లా, దవాఖాన్ల ఐసీయూనా?" కాసేపు తల గోక్కున్నాడు. "మరి ఒక్క కార్డు మీద ఎంతమంది రావచ్చు?"

"ఏం కార్డు?"

"పెండ్లికార్డు కొడుకా. సకుటుంబ సపరివార సమేతంగా అని రాస్తరు గద. పేరు ఒక్కనిదే, వచ్చేది పదిమంది. గట్ల రానిస్తదా మీ వైఫై?"

ఉదయ్ నోటి దగ్గర చాయ్ కప్పు ఆగిపోయింది. "మామా! చిన్న రౌటరు ఒకటి పెడితే అయితది! మా దాంట్ల గెస్టుగ అదొక్కటే చేరుతది. దాని వెనుక మీ సామానంత మీ ఇంట్ల మీరున్నట్టే. మా మేనేజర్‌ను అడిగొస్త, ఫికర్ చెయ్యకున్రి."

మేనేజరు సరేనన్నాడు. ఉదయ్ అరచేతిలో పట్టే రౌటరు తెచ్చాడు. మార్కండేయులు దానికి ఇంటిపెద్ద అని పేరు పెట్టి, "సొంతింట్ల సిగ్గేంది" అంటూ అత్తనూ అల్లుణ్ణీ పాత వరుసల్లోకి తెచ్చాడు. పది నిమిషాల్లో కుటుంబం కలిసింది.

"తాతా, రేపొక్కరోజు వరుసలు కలపకు. పెద్ద కంపెనీ. దండం పెడత" అంది అనూష.

ఆయన మాటిచ్చాడు. మర్నాడు చెన్నై నుంచి విజయలక్ష్మిగారు ఇద్దరు ఆఫీసర్లతో వస్తే, నోరు బిగించుకుని, పంటినొప్పి మనిషిలా గోడకానుకుని నిలబడ్డాడు. అనూష ట్యాబు నొక్కింది. గోడంత టీవీ మీద అక్షరాలు పడ్డాయి:

'చిన్నల్లుడు' పెద్దత్తతో కనెక్ట్ అవ్వాలనుకుంటోంది. అనుమతించాలా?

అనూష గబుక్కున రిమోట్ కోసం వెతికింది. విజయలక్ష్మిగారు చదివి పకపకా నవ్వారు. "ఎవరండీ ఈ పెద్దత్త?"

మార్కండేయులు మనవరాలి వైపు దీనంగా చూశాడు. అనూష తలూపింది.

"మీది ఏ ఊరమ్మా?"

"పుట్టింది రాజమండ్రండి."

"రాజమండ్రా! పుష్కరాలకు మా వీరభద్రం బావ గాడనే మునిగిండు! నువ్వు నాకు చెల్లెవైతవు!"

"అయితే అన్నయ్యా, ఆ ఎరుపు కాస్త తగ్గించి చూపించు" అన్నారావిడ. చిన్నల్లుడు పంపాడు, పెద్దత్త చూపించింది, మేనమామ ఆ ఒక్కరోజూ అలగలేదు. ముప్పై మగ్గాలకూ పని దొరికింది, అనూష ఉద్యోగం నిలబడింది. చెన్నై వాళ్ళను లిఫ్టు దాకా సాగనంపుతూ, "ఈ ఉపాయం మా తాతదే మేడం" అని ఆమె మూడుసార్లు చెప్పింది.

మరునాడు మార్కండేయులు భార్య విమలమ్మ గిన్నెనిండా సర్వపిండి తెచ్చింది.

"అమ్మమ్మా, నేను రేపు ఊరికి పోతాన. వీరభద్రం తాతకు గూడ జర కట్టియ్యి" అంది అనూష.

"ఏ వీరభద్రం? ఈయనకు ఎక్కడి బావ బిడ్డా!" విమలమ్మ నవ్వాపుకోలేకపోయింది. "వీరభద్రమంటే భీవండిల ఈయన నడిపిన సాంచా!"

సాంచా అంటే మరమగ్గం. పద్దెనిమిదేళ్ళప్పుడు మార్కండేయులు పనికోసం మహారాష్ట్రలోని భీవండి పోయాడు. భాష రాదు. ఆరునెలల పాటు ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాడు లేడు. ఆఖరికి మగ్గానికే వీరభద్రమని పేరు పెట్టి, బావా అని పిలిచి, తిన్నదీ తిననిదీ దానికే చెప్పుకున్నాడు. తిరిగొచ్చాక, తన గుమ్మం తొక్కిన మనిషి ఒక్క పూటైనా ఎవరికీ ఏమీ కానట్టు నిలబడకూడదనుకున్నాడు.

అనూషకు ఆ గుమ్మం, ఆ బ్యాగు, తను ఎక్కని సాయంత్రం బస్సు గుర్తొచ్చాయి. అంతమంది చుట్టాలను ఒంటిచేత్తో సంపాదించిన మనిషి తన తాత అయినందుకు ఆమెకు గర్వంగా అనిపించింది. అయినా ఊరుకోలేదు.

"అంటే తాతా, నేను సాంచాకు చుట్టాన్నా?"

"ఏం తక్కువ బిడ్డా? రెండు షిఫ్టులు ఆగకుంట నడిచేటోడు మా బావ. గసువంటి ఖాందాన్ దొరుకుతదా?"

అనూష ఫోను తీసి, సెట్టింగుల్లో తన పేరు చెరిపి ఇంకో పేరు కొట్టింది. గోడమీద టీవీ వెలిగింది:

'మనవరాలు' పెద్దత్తతో కనెక్ట్ అవ్వాలనుకుంటోంది. అనుమతించాలా?

"గిది గూడ అడుగుడేంది!" అని టీవీని కసిరి, మార్కండేయులు రిమోట్ నొక్కాడు.