తలుపు దగ్గర ఆగిన అడుగులు

స్టూడియోలో అందరూ ఆమెను చప్పుళ్లమ్మ అనేవారు. తెర మీద ఎవరు నడిచినా, గిన్నె దించినా, దుప్పటి దులిపినా ఆ చప్పుళ్లను తరువాత మైకు ముందు చేసేది ఆమే.

ఆ రోజు అక్కను కూడా వెంటబెట్టుకొచ్చింది. రెండు రోజులుండి పోతానని వచ్చిన అక్క, వారమైనా వెళ్లే మాట ఎత్తలేదు. ఎందుకని అడిగితే "ఊరికేనే" అని దాటేసేది. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని బావ ఫోన్ చేసినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. ఇంట్లో ఒక్కతే ఉండలేనంది.

తెర మీద వంటగది. భార్య కూరగాయలు తరుగుతోంది. భర్త మెట్లెక్కి వస్తున్నాడు. కెమెరా మాత్రం అతన్ని చూపించదు, ఆమె ముఖం మీదే ఉండిపోతుంది. అతనంటే ఆమెకెంత భయమో అడుగుల చప్పుడే చెప్పాలి.

చప్పుళ్లమ్మ బరువైన బూట్లు తొడుక్కుని చెక్కమెట్ల మీద దబదబా నడిచింది.

"ఏనుగు నడిచినట్టుందమ్మా," అన్నాడు డైరెక్టర్. "నాకు భయం వేయట్లేదు."

మెల్లగా నడిచింది. కాళ్లీడ్చింది. ఏదీ కుదరలేదు. మళ్లీ ఎక్కుతుంటే లేసు ఊడి, పైమెట్టు మీద ఆగిపోయింది.

మూల కుర్చీలో ఉన్న అక్క చేతిలోంచి గ్లాసు జారి నీళ్లన్నీ ఒళ్లో పడ్డాయి.

"ఏమైందక్కా?"

"నడిచినంతసేపూ ఫర్వాలేదే. తలుపు బయట ఆగి వింటాడు చూడు, నేనేం చేస్తున్నానో అని... అప్పుడు."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? తలుపు దగ్గర ఆగుతాడని చెప్పనా?"

డైరెక్టర్ తల దించుకున్నాడు. అక్కను బయట కూర్చోబెట్టి, పైమెట్టు మీద ఆగిన ఆ అడుగులనే రికార్డు చేశారు. అడుగులు ఆగుతాయి, కత్తి చప్పుడు ఆగుతుంది, ఆ తరువాత అంతా నిశ్శబ్దం.

సాయంత్రం బావ ఇంటికి రానే వచ్చాడు. చప్పుళ్లమ్మ గొలుసు తీయకుండా తలుపు కాస్త తెరిచింది.

"అక్క రాదు బావా."

"మా ఇద్దరి మధ్య నువ్వెవరే? దాన్ని పిలువు."

వెనక నుంచి అక్క గొంతు సన్నగా వినిపించింది. "నేను రాను."

"ఏంటీ?"

"రానన్నాను."

అతను తలుపును ఒక్క తన్ను తన్నాడు. పక్కింటివాళ్లు బయటికొచ్చేసరికి తిట్టుకుంటూ దిగిపోయాడు. ఆ తరువాతా రెండుసార్లు వచ్చాడు. పోలీసులకు చెప్పాక మానేశాడు. అయినా మెట్ల మీద ఎవరు కదిలినా అక్కాచెల్లెళ్లిద్దరూ చాలాకాలం ఉలిక్కిపడేవారు.

అక్క కుట్టుపనిలో చేరింది. సినిమా విడుదలైనప్పుడు, చూడ్డానికి తను రానని ముందే చెప్పేసింది. చెల్లెలు బలవంతపెట్టలేదు.