లెక్కల సారు మంద పద్ధతి

లెక్కల సారు పోయిన వార్త నాకు మొదట ట్యూషన్ సెంటర్ యజమాని వాట్సాప్ స్టేటస్‌లో కనిపించింది. అందుకే నమ్మలేదు. సారు ఇంటికి ఫోన్ చేశాను. "నిజమే అన్నా. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నడు, గట్లనే ఒరిగిండు" అని ఆయన భార్య ఏడ్చింది.

మోత్కూర్ దగ్గరి ఒక సర్కారు బడిలో ఆయన లెక్కలు చెప్పేవాడు, నేను తెలుగు. నేనెవరినీ తొందరగా నమ్మను. రోజూ తన గ్లాసులోంచి సగం చాయ్ నాకు వంపేవాడు. ఏం ఆశించి వంపుతున్నాడో అని చాలా కాలం కనిపెట్టి చూశాను. చక్కెర జబ్బట. అంతే.

పదో తరగతికి ఆయన పునశ్చరణ చేయించే తీరే వేరు. మా వైపు ఎరువు కోసం చేలల్లో గొర్రెల మంద కట్టిస్తారు. రాత్రికో చోటికి జరుపుతూ చేనంతా తిప్పుతారు.

"మంద ఒక్క జాగల్నే ఉంచితె ఏమైతదిరా?"

"గాడ పైరు మాడిపోతది సార్. కడమ చేను ఉత్తగనే ఉంటది."

"సదువు గూడ గంతే. దినాం జరపుండ్రి. చేనంత తిరిగినంక మల్ల మొదటికి రాండ్రి."

అదే పాఠానికి రెండోసారి వచ్చినప్పుడు పుస్తకం మూయించేవాడు. గుర్తున్నది పైకి చెప్పాలి, తట్టని చోటే తెరిచి చూడాలి. "ఏది రాదో ఎరుకైతె సగం సదివినట్టే" అనేవాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒకసారి మా పిల్లలు లెక్కల పరీక్ష రాసి నవ్వుతూ బయటికొచ్చారు. ట్యూషన్ యజమాని అమ్మిన గెస్ పేపర్లోని ప్రశ్నలు మాత్రం ఒక్కటీ రాలేదు. సారు ముందే పేపర్ చూపించాడని ఫిర్యాదు వెళ్లింది, పేరు లేకుండా. ఎవరు పంపారన్నదాంట్లో నాకు అనుమానం లేదు. నా జీవితంలో అనుమానం లేని సంగతి అదొక్కటే.

విచారణకు అధికారి వచ్చాడు. తప్పు తేలితే సారు ఉద్యోగం పోతుంది, పిల్లల ఫలితాలు ఆగిపోతాయి. అధికారి ఒక గొర్రెల కాపరి బిడ్డను లేపి, పరీక్షలో వచ్చిన లెక్క ఒకటి బోర్డు మీద చేయమన్నాడు.

"గది రాదు సార్. పరీక్షల గూడ ఇడిశిపెట్టిన."

"పేపర్ ముందే చూసినవ్ గదా?"

"చూస్తే రాకుంట ఉంటదా సార్? గా పాఠం కాడికి మంద రెండోపారి రాకముందే పరీక్ష అచ్చింది."

అధికారికి నవ్వాగలేదు. మిగతా పిల్లలనూ అడిగాడు. ఒక్కొక్కరూ ఒక్కో లెక్క వదిలేశారు. పేపర్ చూసినవాళ్లు అలా వదలరు కదా. ఫిర్యాదు అక్కడితో సరి. సారు ఆ సాయంత్రం నాకు చాయ్ మొత్తం పోసేశాడు.

మొన్న సంతాప సభలో ఆ యజమాని వేదిక మీద కళ్లు తుడుచుకుంటున్నాడు. గుమ్మం దగ్గర అతని మనుషులు కాగితాలు పంచారు. పైన సారు ఫోటో, కింద ఈసారి తప్పక వచ్చే ప్రశ్నలు!

"పెద్దసార్, మీరు గూడ నాలుగు ముక్కలు చెప్పుండ్రి" అన్నాడు.

"చెప్త. గా ఫిర్యాదు సంగతే చెప్త" అన్నాను.

మైకు నా దాకా రాలేదు.

తిరిగొస్తుంటే చేను గట్టున ఆ బిడ్డ నాయిన, గొర్రెల కాపరి, మందతో కనిపించాడు. సభలో పంచిన కాగితంలోంచి సారు ఫోటో చింపి జేబులో పెట్టుకుని, మిగతాది మందలోని మేక ముందు పెట్టాను. వాసన చూసి మొహం తిప్పుకుంది.

"గదేం కాయిదం సారూ, మ్యాక గూడ ముడ్తలేదు?"

ఆయన నిన్నటి చోట మంద చుట్టూ కట్టిన వల విప్పి, పక్కన కట్టడం మొదలుపెట్టాడు. మంద లేచిన జాగా నల్లగా, తడిగా ఉంది.