కానుగ కట్టె మీద అమ్మ తీర్పు

నాన్న పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు వంటలు ఒప్పుకునేవాడు. ఇప్పుడు ఆ పని అన్న చూస్తున్నాడు. గ్యాసు ఎంత వచ్చినా, బగారన్నం మాత్రం కట్టెల పొయ్యి మీదే కావాలనేవాళ్ళు సికింద్రాబాదులో ఇంకా ఉన్నారు. అందుకే బోయిగూడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు కింద కట్టెల కుప్ప ఎప్పుడూ ఉంటుంది.

ఆ కుప్పలోకి ఏ కట్టె రావాలో చెప్పేది అమ్మ. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చెవి పెట్టి వింటుంది. గట్టిగా మోగితే ఎండినట్టు, మొద్దుగా చప్పుడైతే లోపల ఇంకా పచ్చి ఉన్నట్టు. తర్వాత ఒక పుల్ల అంటించి పొగ వాసన చూస్తుంది. చింత, తుమ్మ అయితే సరే. మునగ ఊరికే బూడిదైపోతుంది. వేప వంటకు వద్దు. అమ్మ ఊ అనేదాకా కట్టెలమ్మే అడితి నుంచి వచ్చిన బండిని నాన్న దింపనిచ్చేవాడు కాదు. ఇక మిగతా విషయాల్లో అమ్మ మాటకు మా ఇంట్లో ఎంత విలువో అడగకండి. టీవీ ఏ గదిలో పెట్టాలో కూడా ఆమెను అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

షెడ్డు పక్కనే పెద్ద కానుగ చెట్టు ఉండేది. మధ్యాహ్నం అందరి తిండి అయ్యాక అమ్మ దాని కింద చాప పరుచుకుని, కళ్ళ మీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని పడుకునేది. ఆ కాసేపే ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. చిన్నాయన కన్ను ఎప్పుడూ ఆ చెట్టు మీదే. ఇంత కట్టె ఇంట్లో పెట్టుకుని బయట కొనడమేంటని ఏడాదికోసారి లేవనెత్తేవాడు. ఒకసారి గొడ్డలి కూడా పట్టుకొచ్చాడు. అమ్మ ఆ చెట్టుదే ఒక కొమ్మ విరిచి తెచ్చి పొయ్యిలో పెట్టింది. ఇల్లంతా పొగ కమ్మేసింది. నాన్న దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తాడు.

"గిది పొయ్యిలకు పనికి రాదు. గీ పొగకు అన్నం చేదెక్కుతది," అంది అమ్మ.

అంతే, గొడ్డలి లోపలికి పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో కానుగ అంటే పనికిరాని కట్టె. నేను పెళ్ళయి కార్ఖానా బస్తీకి వచ్చాక కూడా మా అత్తగారింట్లో అదే మాట చెప్పాను, నాకేదో పెద్ద తెలిసినట్టు.

పోయిన ఎండాకాలం అమ్మకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. బోయిగూడ ఇంటి మెట్లు ఎక్కలేదని మల్కాజ్‌గిరిలో చిన్నమ్మ దగ్గర ఉంచాం. ఆమె అక్కడ ఉండగానే, వంట సామాన్ల వ్యాన్ తిప్పుకోవడానికి జాగా లేదని అన్న చెట్టు కొట్టించాడు. ఆమెకు ఒక మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకూ ఫోన్‌లో, వ్యాన్ ఇప్పుడు ఇంటి వెనకదాకా వస్తోందనే చెప్పాడు. కట్టెను పారేయడం ఎందుకని షెడ్డులో ఓ మూల పడేశారు.

వానలు పడ్డాక అమ్మ ఇంటికి వచ్చింది. ఆ రోజు నేనూ ఉన్నాను. వెనక తలుపు తీసి, చెట్టు లేని జాగా చూసి గడప మీదే ఆగింది. ఎవరు కొట్టారని అడిగింది. అన్న చెప్పాడు. మంచిది అని లోపలికి వెళ్ళిపోయింది. 

ఆ వారమే మా షెడ్డు దగ్గరే ఒక పెళ్ళి వంట ఉంది, నేనూ ఆగాను. అడితి నుంచి వచ్చిన కట్టె అంతా వానకు నానిపోయింది. వేరే దారి లేక అన్న ఆ కానుగ మొద్దులే పొయ్యిలో పెట్టాడు. పొగ లేదు. మంట నిలకడగా, డేగిసా అడుగంతా పట్టుకుని మండింది. అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. ఆనాడు అమ్మ పెట్టింది అప్పుడే విరిచిన కొమ్మ. చెట్టు మీది నుంచి తెచ్చి పెడితే ఏ కట్టెకు పొగ రాదు? పుట్టినప్పటి నుంచి పొయ్యి దగ్గరే పెరిగిన మా వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది, ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు.

కుర్చీ వేసుకుని ఉల్లిగడ్డలు కోస్తున్న అమ్మ వైపు తిరిగాడు నాన్న.

"గింత మంచి కట్టెను పనికి రాదంటివి గదనే?"

అమ్మ కత్తి ఆపలేదు. "చెట్టు నాకు గావాలె, కొట్టకుండ్రి అంటే ఇనేటోళ్ళేనా మీరు? కట్టె మంచిది గాదంటే ఇన్నరు," అంది.

నాన్న తల వంచుకుని మంట ఎగదోశాడు. అన్న బియ్యం చూసే వంకతో అటు వెళ్ళాడు. నేను అమ్మ పక్కన కూర్చుని, ఎందుకు వినమమ్మా, వినేవాళ్ళమే అందామని నోరు తెరిచాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.