తాయెత్తు వెనక రాడార్ పెట్టె

బూరుల్చా వ్యాను ఎక్కిన కొత్తవాళ్లు మొదట అడిగే మాట ఒకటే. "డ్రైవరు ఎక్కడమ్మా?" స్టీరింగు పట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తూనే అడుగుతారు. బిష్కెక్ నుంచి సరస్సు ఒడ్డు వెంబడి కరకోల్ దాకా మనుషుల్ని మోసే వ్యాన్లలో ఆడమనిషి నడిపేది అదొక్కటే మరి.

"డ్రైవరు టీ తాగి వచ్చేసింది. తలుపు గట్టిగా వెయ్యండి," అంటుంది బూరుల్చా. అంతటితో ఆ ప్రశ్న సద్దుమణుగుతుంది.

వ్యాను ఒకప్పుడు ఆమె మొగుడు మెదెర్ నడిపేవాడు. వాడి నడుం పడిపోయాక గొర్రెలు, రొట్టెల పొయ్యి వాడి పాలయ్యాయి, రోడ్డు ఆమె పాలయింది. ఇద్దరికీ ఈ మార్పు బాగానే అచ్చొచ్చింది గానీ అత్తగారు షెకెర్ ముసలమ్మకే మింగుడుపడలేదు. ఎవరు అడిగినా, "బండి మావాడిది. ఇది ఊరికే నడిపిపెడుతోంది, అంతే," అనేది. కొడుకు కోసం ఆమె కట్టిన వెండి తాయెత్తు ఇంకా ముందద్దం దగ్గర వేలాడుతూనే ఉంది. అరచేయంత ఉంటుంది, మూడు మూలలది, ముసలమ్మ వాళ్ల అమ్మమ్మ నాటిది.

బూరుల్చా ఎదురు చెప్పేది కాదు. "బండి మీదే అత్తయ్యా. లైసెన్సు మాత్రం నాది," అని నవ్వేసేది.

ఆ లైసెన్సుకే ముప్పు వచ్చి పడింది. వేగం మితిమీరి దొరికిపోవడం ఆమెకు అలవాటైపోయింది. ఇంకొక్కసారి దొరికితే లైసెన్సు తీసేసుకుంటామని పోలీసులు తేల్చి చెప్పారు. తప్పు తనదేనని ఆమే ఒప్పుకుంటుంది. కానీ లైసెన్సు పోతే బండి పరాయి డ్రైవరు చేతికి పోతుంది, తను మళ్లీ పొయ్యి దగ్గరికి పోతుంది.

బండ్ల అడ్డాలో తోటి డ్రైవర్లకు ఇది మంచి కాలక్షేపమైంది.

"పోలీసుల్ని ముందే పసిగట్టే రాడార్ పెట్టె కొనుక్కో వదినా. లేదంటే మా మెదెర్‌ని లేపి కూచోబెట్టు," అన్నాడు ఒకడు.

"నువ్వు ముందు నీ బండికి బ్రేకులు కొనుక్కో నాయనా. నీ వెనక రావాలంటే గుండె దడ," అంది. అన్నదే గానీ మర్నాడు పొద్దున్నే కారు సామాన్ల బజారుకు పోయింది.

అక్కడ పెట్టెలమ్మే సాబిర్‌జాన్ సరుకు చూపించకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎక్కడ తిప్పుతావక్కా? ఊళ్లోనా, బయటా?"

"కరకోల్ దాకా. నువ్వేంటి, పిల్లనిస్తావా, పెట్టెనిస్తావా?"

"పెళ్లికైతే ఇన్ని అడగను. పెట్టె బతుకంతా ఉండాలి," అని ఒక పెట్టె తీశాడు. "ఇదుంది చూశావూ, దీనికున్నది జ్ఞాపకమే. కెమెరాలు ఎక్కడ పాతారో అన్నీ దీనికి తెలుసు. కానీ పోలీసోడు చెట్టు చాటున రాడారు చేత్తో పట్టుకుని నిలబడితే దీనికేం తెలుస్తుంది? ఇంకోదానికి ముక్కుంది. రాడార్ ఎక్కడున్నా వాసన పట్టేస్తుంది. ఊళ్లో మాత్రం దుకాణాల తలుపులు వాటంతటవి తెరుచుకున్నా అరుస్తుంది."

"మా బోమ్ లోయలో ప్రతి మలుపుకీ ఒకడు నక్కి ఉంటాడు. ముక్కు కావాలి. బాలిక్చీ ఊరు దాటితే కెమెరాలు. జ్ఞాపకమూ కావాలి. వెనక సీట్లో పసిపిల్లలు పడుకుంటారు, ఊరికే అరిచేది వద్దు."

"అయితే రెండూ ఉన్నది తీసుకో. ఊళ్లో ఉన్నంతసేపూ ఈ మీట నొక్కి ఉంచు, నోరు మూసుకుంటుంది. ముందు మాత్రం అడ్డం ఏమీ ఉండకూడదు, గుర్తుంచుకో."

ఆమె గుర్తుంచుకుంది. పెట్టె కూచునే చోట వెనకా ముందూ చూసి, వంటింటి కత్తి, తువ్వాలు, ఎండు ఆప్రికాట్ల పొట్లం అన్నీ తీసేసింది. పెట్టెను తాయెత్తుకు సరిగ్గా వెనక, తన వైపున అతికించింది. తాయెత్తుకు ముందు పెట్టడమనేది ఆమెకు తోచనే లేదు. పెద్దావిడ కట్టిన దానికి వీపు చూపించి ఏ వస్తువైనా నిలబడొచ్చా? కోడలు అత్తగారి ముందు నడవదు, కోడలు కొన్న పెట్టె కూడా అంతే. ఇక తాయెత్తు అడ్డమెలా అవుతుంది?

ఆ వారమంతా పెట్టె కెమెరాల్ని పేరుపెట్టి పిలిచినట్టు ముందే చెప్పేది. బూరుల్చాకు ధైర్యం వచ్చింది, దాంతో పాటు కాలి బరువూ పెరిగింది. ఒక రోజు బోమ్ లోయలో వ్యాను దూసుకుపోతుంటే ఎదురుగా వస్తున్న గొర్రెల లారీ రెండుసార్లు దీపాలు ఆర్పి వెలిగించింది. ఆ రోడ్డు మీద దానర్థం పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. ఆమె బ్రేకు తొక్కింది. మలుపు తిరగ్గానే బండచాటున పోలీసు, చేతిలో రాడారు, ముఖంలో నిరాశ. పెట్టె కిక్కురుమనలేదు.

భయం తగ్గాక కోపం వచ్చింది.

మర్నాడు అత్తగారిని మోకాళ్ల డాక్టరుకు చూపించి, ముందు సీట్లో ఆమెను అలాగే ఉంచి, వ్యాను తిన్నగా బజారుకు పోనిచ్చింది.

"ముక్కుందన్నావు. జలుబు చేసిన ముక్కు అమ్మావేం?"

సాబిర్‌జాన్ వ్యాను దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూశాడు. తాయెత్తు వైపు చెయ్యి చాచబోయి, ముసలమ్మను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, తప్పు పెట్టెది కాదు. కెమెరాలు దానికి జ్ఞాపకం కాబట్టి చెప్పింది. వాసన పట్టాలంటే ముందు దారుండాలి. ఇంత వెండి అడ్డం పెడితే ఎలాగ?"

బూరుల్చా అత్తగారి వైపు చూసింది. అది తీయమని ఎలా అడుగుతుంది? తీయకపోతే రేపో మాపో లైసెన్సు పోతుంది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కూర్చుంది.

షెకెర్ ముసలమ్మే నోరు విప్పింది. "ఏమిటే, నిన్న దొరికిపోయేదానివా?"

"అంతే అత్తయ్యా. లారీవాడు చెప్పబట్టి బతికిపోయా."

"దొరికితే?"

"బండి పరాయివాడు నడుపుతాడు."

ముసలమ్మ తాయెత్తును చూసింది. తర్వాత తనే చెయ్యి పైకెత్తి ముడి విప్పింది. "నా కొడుకు నడుం పడిపోయినప్పుడు కూడా ఇది ఇక్కడే ఉంది. బండికి గీత పడలేదు, వాడు మంచాన పడ్డాడు. నేనే తప్పు కట్టా. బండిక్కాదు, నడిపే మనిషికి కట్టాలి. మెడ ఇలా పెట్టు."

బూరుల్చా తల వంచింది. చల్లటి వెండి గుండెల మీద వాలింది. ఆమెకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"ఏడిచింది చాలు. కాలు కాస్త తేలిక చేసుకో," అంది ముసలమ్మ.

తిరుగుదారిలో అడ్డాలో ఎక్కిన ఒక పెద్దమనిషి సర్దుకుని కూర్చుంటూ, "డ్రైవరు ఎక్కడ? బండెవరిది?" అన్నాడు.

బూరుల్చా ఎప్పటి జవాబే చెప్పబోయింది. అంతలో ముందు సీట్లోంచి ముసలమ్మ వెనక్కి తిరిగి కసిరింది.

"కళ్లు లేవా నాయనా? బండి మా కోడలిది."