తీగెలో చిక్కిన పేరు

కర్ఖేలి పోచన్నకు కరెంటు సంగతి తెలిసినంతగా లోకం సంగతి తెలియదు. నాందేడ్‌లోని ఒక నూలుమిల్లులో పదకొండేళ్ళుగా వైర్‌మన్. ఏ దీపం ఆరినా ఆయనే దిక్కు. నౌకరీ మాత్రం టెంపరరీయే. ఎనభై మూడులో పాతవాళ్ళను పర్మినెంటు చేస్తామన్నారు. ఎవరి సర్వీసు ఎంతో బొంబాయిలోని కంప్యూటరు తేలుస్తుందట.

మేనేజరు నందకిషోర్ గదిలో, టెలిఫోను తీగెకు తగిలించి ఒక టైపు మిషను పెట్టారు.

"గిది కరెంటు లెక్కనే పోచన్నా," అన్నాడాయన మురిసిపోతూ. "అసలు మిషన్ బొంబాయిలనే ఉంటది. మనం కొనుడు లేదు. తీగె ఉంటె సాలు, గావల్సినంత గుంజుకోవచ్చు."

"అందరొక్కసారే గుంజితె లోడు పడదా సాబ్?"

"నీకు సమజ్ గాదు తియ్యి," అని నందకిషోర్ నవ్వేశాడు.

ఆ కంప్యూటరు దగ్గర మిల్లు వంతు నెలకొక గురువారం, ఒక్క గంట. మిషను టకటకా పేర్లు కొట్టి ఆగింది. అంతే అయిందనుకుని ఆ కాగితాన్ని యజమానుల సంతకానికి పంపారు, మర్నాడు గోడకు అంటించారు. ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఆఖరి పేరు నాగనాథ్‌ది. వాడు పోచన్న దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఆ కింద, 'పి' పేర్లు రావలసిన చోట, ఖాళీ.

"మధ్యల లైను తెగిందట," అన్నాడు నందకిషోర్. "మల్ల మన వంతు వచ్చే నెల. గప్పటిదాంక ఎవరాగుతరు? సంతకాలైనయ్, ఉన్న నౌకరీ జాగలు నిండినయ్."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

లైను తెగితే వెతకడం ఒక్కటే తెలుసు పోచన్నకు. మిల్లు గేటు నుంచి టెలిఫోను స్తంభాల వెంట నడిచాడు. స్టేషను దగ్గర స్తంభం దిగుతున్న టెలిఫోను లైన్‌మన్ మారోతి పలకరించాడు.

"ఏం దేవులాడుతున్నవే?"

"నా పేరు. బొంబాయికెల్లి వస్తుంటె యాడనో ఆగింది."

"తీగె మంచిగనే ఉన్నది గదా!"

నిజమే, బాగానే ఉంది. తెగిన తీగెలో పేరు పోయిందంటే అర్థముంది. బాగున్న తీగెలో ఎలా పోతుంది? బుర్ర గిర్రున తిరిగి, మళ్ళీ మేనేజరు దగ్గరికే వెళ్ళాడు.

"సాబ్, నేను పదకొండేండ్ల సంది ఉన్నానని మీకెరికే గదా. కలంతోని కింద నా పేరు రాయిండ్రి."

"మిషన్ తీసిన లెక్కల మనం చెయ్యి పెట్టద్దు."

అంతలో పైన ఫ్యాను ఆగిపోయింది. నందకిషోర్ కాగితాల్లోంచి తలెత్తకుండానే, "పోచన్నా, జర సూడు," అన్నాడు.

పోచన్న స్టూలు వైపు రెండడుగులు వేసి ఆగాడు. కాగితంలో లేని ఆ పేరుతో పిలిచింది తననేనా అన్నది ఆ క్షణాన ఆయనకు నిజంగానే తేలలేదు.