పార్టీ ఇచ్చిన గంజులు

మా వాడకు పార్టీ ఇచ్చిన వంట గంజులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సిరొంచ దగ్గర గోదావరి మీద ఇంకా వంతెన పడని రోజులు. జిల్లా పరిషత్ ఎన్నికలొచ్చాయి. తాలూకా నాయకుడొకడు మా వాడకు పెళ్లిళ్లకు పనికొచ్చే పెద్ద గంజులు, కడాయిలు ఇచ్చాడు. ఒక్కొక్కదాని మీదా తన పార్టీ పేరు చెక్కించాడు. వాడ పెద్దలు వాటికి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. దేవుడి ముందు కూడా వంగని నడుములు ఆ రోజు వంగాయి. రోడ్డు అడగాలని ఒక్కడికీ తోచలేదు. మర్నాడు ఇంకో పార్టీవాళ్లు మేకను పంపితే ఆ గంజుల్లోనే వండుకు తిన్నారు.

నాయకుడు ఓడిపోయాడు. "మేమందరం నీకే ఏసినం సాహెబ్" అని వాడంతా పోయి చెప్పి వచ్చింది. అందరూ వేస్తే ఎట్లా ఓడాడో ఆ భగవంతుడికే తెలియాలి.

ఎండాకాలంలో మా అక్క పెళ్లి. ఆవలి ఒడ్డు నుంచి పెళ్లివారు పడవల్లో వచ్చి దిగుతున్నారు. పెరట్లో అన్నం ఉడుకుతోంది. సరిగ్గా అప్పుడే ఆ నాయకుడు ట్రాక్టరు వేసుకొని వచ్చాడు, గంజులు తీసుకుపోవడానికి. సిగ్గన్నది ఉంటే కదా! నాన్న బతిమాలాడు. వాడు మీసం దువ్వుకుంటూ పందిట్లో కూర్చున్న అక్కను చూపించాడు.

"నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు, నాకే ఓటేసిన అని. గంజులు ఉంచిపోత."

నాన్న ఓటు వేసింది వేరేవాడికి. వాడ పెద్దలు చుట్టూ చేరి గుసగుసలాడారు. "జర అనెయ్యరాదు? ఒక్క మాటనేనాయె! ఆయన గంజుల తిని ఆయనకు ఎయ్యకపోతే తప్పు మనదే గద."

నెత్తి మీద పెట్టిన ఒట్టు అబద్ధమైతే ఆ బిడ్డకే తగులుతుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం. నాన్న అక్క వైపు చూశాడు.

"నీకు ఎయ్యలే. తీస్కపో," అన్నాడు.

సగం ఉడికిన అన్నాన్ని చాపల మీద గుమ్మరించి గంజులను ట్రాక్టరెక్కించారు. ఎక్కించింది ఎవరనుకున్నారు? మా వాడ పెద్దలే! కిరాణా దుకాణం నడిపే ముస్లిం చాచా ఒకాయన ఈ సంగతి విని, తమవాళ్ల పెళ్లిళ్లకు వాడే గంజులు బండి మీద పంపించాడు. మధ్యాహ్నం దాటాక పెళ్లివారికి అన్నం పెట్టగలిగాం. వాడ పెద్దలూ కడుపారా తిన్నారు. తిని, చేతులు కడుక్కుంటూనే మొదలుపెట్టారు.

"గింత పట్టుదల ఎందుకు? వాడ గంజులన్ని పోగొట్టిండు."

సాయంత్రం రేవులో అక్కను పడవ ఎక్కించేటప్పుడు కూడా ఆ గొణుగుడు ఆగలేదు. నాన్న వినిపించుకోలేదు. అక్క తల మీద చెయ్యి పెట్టి, పడవవాడు పిలుస్తున్నా చాలాసేపు తియ్యలేదు.